మట్టి వినాయకుడు నీళ్లలో ఎందుకు కరుగుతాడు?

చెరువు మట్టితో చేసి ఆరబెట్టిన విగ్రహంలో మట్టి రేణువులు తడి ఆరడం వల్ల దగ్గరకు చేరతాయి, అంతే. నీరు మళ్లీ వాటి మధ్యకు చొరబడగానే విడిపోతాయి. అదే మట్టిని కుండలా కాలిస్తే మాత్రం ఇక కరగదు.

మరి ప్లాస్టర్ ఆఫ్ పారిస్ విగ్రహాలు? జిప్సం అనే ఖనిజాన్ని సుమారు 150 డిగ్రీల సెల్సియస్ దగ్గర వేడిచేస్తే అందులోని నీరు చాలావరకు పోయి ప్లాస్టర్ ఆఫ్ పారిస్ పొడి వస్తుంది. నీళ్లు కలపగానే అది తిరిగి జిప్సంగా మారుతుంది. సూదుల్లాంటి స్ఫటికాలు ఒకదానిలో ఒకటి పెనవేసుకుని గట్టిపడతాయి. లీటరు నీటిలో కరిగే జిప్సం దాదాపు 2 గ్రాములే! అందుకే ఆ విగ్రహాలు నెలల తరబడి చెరువు అడుగున పడి ఉంటాయి. వాటి రంగుల్లో సీసం ఉంటే చేపలకూ ముప్పే.

హైదరాబాద్‌లోని ఖైరతాబాద్‌లో 2022లో 50 అడుగుల గణపతినే మట్టితో చేశారు. ఈ చవితికి మీరూ రంగు వేయని బుల్లి వినాయకుణ్ణి చేయండి. బకెట్ నీళ్లలో నిమజ్జనం చేసి, ఆ మట్టిని పూలకుండీలో పోయండి.