వార్తల్లో పదం: రౌండ్ ది వరల్డ్ టికెట్
ఒక కూటమిలోని విమానయాన సంస్థలు కలిసి, ప్రపంచాన్ని చుట్టిరావడానికి ఇచ్చే ఒకే టికెట్ ఇది. 1999లో మొదలైన వన్‌వరల్డ్ కూటమి ‘ఎక్స్‌ప్లోరర్’ టికెట్‌కు ఖండాల లెక్కన ధర కడుతుంది; గరిష్ఠంగా 16 విమానాలు, ఏడాది గడువు. తూర్పుకో పడమరకో ఒకే దిశగా సాగుతూ అట్లాంటిక్, పసిఫిక్ రెండూ దాటాలి. బయల్దేరిన దేశానికే తిరిగి చేరాలి.

ఈ టికెట్‌పై బృందంగా వెళ్లేవారికి అసలు పరీక్ష సీట్ల దగ్గరే. ఈ టికెట్‌కు కేటాయించిన బుకింగ్ తరగతిలో, ప్రతి విమానంలోనూ అందరికీ చోటుండాలి. నలుగురికి దొరికి ఐదో మనిషికి దొరక్కపోతే తేదీ జరపక తప్పదు. అందుకే మహాసముద్రాలు దాటే విమానాలను ముందు చూసుకోవాలి. నా దృష్టిలో ప్రణాళికకు ప్రాణం అదే. చిన్న ప్రయాణాలను తర్వాత వాటి చుట్టూ అల్లుకోవచ్చు. ఎవరైనా మధ్యలో ఆగిపోదలిస్తే, వారి బుకింగ్‌ను మిగతావారి నుంచి విడదీయించుకోవాలి.