కత్తి పట్టిన ఇద్దరు!

సముద్రపు దొంగలంటే గుబురు గడ్డాలు, చెక్కకాళ్ల మగాళ్లే గుర్తొస్తారు కదూ! కానీ 1720లో జమైకాలో రాక్‌హామ్ ముఠా పట్టుబడితే, అందులో ఇద్దరు ఆడవాళ్లున్నారు. యానీ బానీ, మేరీ రీడ్. వీళ్ల చిన్నతనం గురించి 1724లో వచ్చిన ఓ పుస్తకం బోలెడు కథలు చెప్పింది గానీ, అన్నీ నమ్మబుద్ధి కాదు. కోర్టు రికార్డులే నయం.

వీళ్లమీద సాక్ష్యం చెప్పినవారిలో ఒకామె డొరొతీ థామస్. చిన్న పడవలో సరుకులు తీసుకెళ్తుంటే అడ్డగించి దోచుకున్నారట. మగాళ్ల కోట్లు, పొడుగు పంట్లాలు, తలకు రుమాళ్లు, చేతుల్లో కత్తి, పిస్తోలు! ఒంటితీరును బట్టే ఆడవాళ్లని పోల్చుకున్నానందామె. వదిలేస్తే రేపు మనకే ఎదురుతిరుగుతుంది, చంపేయమని మగాళ్లను ఉసిగొల్పిందీ వీళ్లేనట. సాటి ఆడదన్న జాలైనా లేదు చూశారా! చివరికి వాళ్లు భయపడ్డట్టే అయింది.

ఓడలో వీళ్లను ఎవరూ బలవంతంగా ఉంచలేదనీ, దాడులప్పుడే మగవేషమనీ, మిగతా వేళల్లో ఆడవాళ్ల బట్టలే కట్టేవారనీ మరో ఇద్దరు సాక్షులు చెప్పారు.

రాక్‌హామ్‌ను నవంబరు 18న ఉరితీశారు. పదిరోజులకు వీళ్లకీ అదే శిక్ష పడింది. అప్పుడు చెప్పారిద్దరూ, తాము కడుపుతో ఉన్నామని! గర్భిణిని ప్రసవమయ్యేదాకా ఉరితీయకూడదన్నది ఇంగ్లీషు చట్టం. శిక్ష ఆగింది.

మేరీ జైల్లోనే కన్నుమూసింది. 1721 ఏప్రిల్ 28న ఆమెను ఖననం చేసినట్టు చర్చి రిజిస్టరులో ఉంది. యానీని ఉరితీసినట్టు మాత్రం ఎక్కడా రాసిలేదు.