జన్యు చికిత్స: వైరస్ వాహనమైనప్పుడు

కొన్ని వ్యాధులు బయటి నుంచి రావు. తల్లిదండ్రుల నుంచి బిడ్డకు సంక్రమించిన జన్యువులోనే లోపం ఉంటుంది. తలసీమియా, హీమోఫీలియా, సికిల్‌సెల్ వ్యాధి ఇటువంటివే. జన్యువు అనగా కణ కేంద్రకంలో లిఖితమై ఉన్న ఒక ఆదేశం. ఫలానా మాంసకృత్తును ఈ విధంగా తయారుచేయుమని అది కణానికి చెబుతుంది. ఆ రాతలో ఒక్క అక్షరం తప్పినా మాంసకృత్తు వికలం కావచ్చు, అసలే తయారు కాకపోనూవచ్చు. అరబీలో జన్యువుకు 'మువర్రిస' అనే పేరు కూడా ఉంది. వారిసు, విరాసత్ అన్న మాటలు పుట్టిన ధాతువు నుంచే ఇదీ పుట్టింది. పేరులోనే సగం అర్థం తెలిసిపోతుంది.

వైద్యులు చాలాకాలంగా లోపించిన పదార్థాన్ని బయటి నుంచి ఇస్తూ వచ్చారు. తలసీమియా బిడ్డకు రక్తం ఎక్కిస్తారు. హీమోఫీలియా రోగికి రక్తం గడ్డకట్టించే ఫ్యాక్టర్ ఇస్తారు. జన్యు చికిత్స ఆదేశాన్నే సరిచేయబూనుతుంది. మంచి జన్యువు ప్రతిని కణంలోకి పంపడం ఒక పద్ధతి. క్రిస్పర్ అనే 'కత్తెర'తో ఉన్నచోటనే కత్తిరించి మార్చడం మరొకటి. ఈ రెండవ పద్ధతిలో తయారైన క్యాస్జెవీకి 2023 నవంబరులో బ్రిటన్ మొదటగా అనుమతి ఇచ్చింది.

అయితే మంచి ప్రతిని కణంలోకి చేర్చేదెట్లా? కణం తన తలుపు అందరికీ తీయదు. ఆ తలుపు తీయడం వైరస్‌కు తెలుసు. కనుక శాస్త్రజ్ఞులు వైరస్‌లోని ముఖ్యమైన జన్యువులను తొలగించి, అది తన సంఖ్యను పెంచుకోలేని స్థితికి తెచ్చి, ఖాళీ అయిన చోట కావలసిన జన్యువును ఉంచుతారు. దీనినే వాహకం అంటారు. సరుకు మంచిదే. చిక్కు చాలావరకు బండితోనే.

1999లో అమెరికాలోని పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో జరిగిన సంగతి దీనికి నిదర్శనం. జెస్సీ గెల్సింగర్ అనే 18 ఏళ్ళ యువకునికి కాలేయంలో ఒక ఎంజైము లోపం ఉండేది. దానివలన రక్తంలో అమోనియా పెరుగుతుంది. ఆహార నియమంతో, మందులతో అతని ఆరోగ్యం అదుపులోనే ఉంది. ఆ ప్రయోగం వలన తనకు ప్రయోజనం ఉండదని తెలిసీ, ఇదే వ్యాధితో పుట్టే పసిపిల్లలకు ఉపయోగపడుతుందని అతడు ముందుకు వచ్చాడు. సెప్టెంబరు 13న ఎడినోవైరస్ వాహకాన్ని కాలేయానికి పోయే రక్తనాళంలోకి ఎక్కించారు. శరీర రక్షణ వ్యవస్థ ఆ వాహకంపై తీవ్రంగా విరుచుకుపడింది. ఒకదాని వెంట ఒకటి అవయవాలు విఫలమై సెప్టెంబరు 17న అతడు మరణించాడు.

తరువాతి విచారణలో బయటపడిన విషయాలు మరణం కంటె తక్కువ బాధాకరం కావు. ఇటువంటి వాహకాన్ని ఎక్కువ మోతాదులో ఇచ్చిన కోతులు చనిపోయిన సంగతి అతడు సంతకం చేసిన సమ్మతి పత్రంలో లేదు. అతనికి ముందు పాల్గొన్నవారిలో కనిపించిన దుష్ఫలితాలను అధికారులకు సకాలంలో తెలియజేయలేదు. ఎక్కించే ముందు అతని రక్తంలో అమోనియా నిర్ణీత పరిమితిని మించి ఉంది. పైగా ఆ పరిశోధన సంస్థ అధిపతికి సంబంధిత కంపెనీలో ఆర్థిక ప్రయోజనం ఉండేది. వైరస్ చేసిన హాని ఒక ఎత్తు, మనుషులు దాచిన మాట మరొక ఎత్తు.

అంతకు ఏడాది ముందే, 1998లో, రాబితా ఆలమె ఇస్లామీకి చెందిన ఫిఖ్‌హ్ అకాడమీ మక్కాలో జరిగిన 15వ సమావేశంలో ఈ విషయాన్ని చర్చించింది. వ్యాధి నివారణకు, చికిత్సకు జన్యుశాస్త్రాన్ని వినియోగించవచ్చును. దానివలన అంతకంటె పెద్ద హాని కలుగరాదని షరతు పెట్టింది. లాభనష్టాలను ముందుగా నిశితంగా అంచనా వేయాలనీ, షరీఅత్ అంగీకరించే సమ్మతి పొందాలనీ, ఫలితాలను గోప్యంగా ఉంచాలనీ నిర్ణయించింది. రోగికి తెలియనివ్వని ముప్పుపై పొందిన సంతకం ఏ పాటి సమ్మతి అన్న ప్రశ్నను ఈ షరతు వెలుగులో చూడవలసి ఉంటుంది. భారతదేశంలో భారత వైద్య పరిశోధన మండలి 2019లో మార్గదర్శకాలు వెలువరించింది. రాబోయే తరాలకు సంక్రమించే విధంగా బీజకణాలను మార్చడాన్ని అవి నిషేధించాయి.

పారిస్ అనుభవం వేరు. రక్షణ శక్తి లేకుండా పుట్టిన పిల్లల మజ్జ కణాలలోకి 1999 నుంచి అక్కడ మంచి జన్యువు చేర్చారు. చాలామంది కోలుకున్నారు. అయితే వాహకం కణంలోని జన్యు రాతలో చేరరాని చోట చేరినందున, 2002 నుంచి కొందరికి ల్యుకేమియా వచ్చింది. ఒక బిడ్డ చనిపోయాడు. నేడు వాడే వాహకాలు ఆ పాఠం నేర్చిన తరువాత మలచినవి. వెల్లూరు క్రైస్తవ వైద్య కళాశాలలో ఐదుగురు హీమోఫీలియా రోగులకు వారి స్వంత మూలకణాల ద్వారానే ఈ చికిత్స చేశారు. ఫలితాలు 2024లో ప్రచురితమైనవి.

ఇక మందును పట్టుకోవడంలోని జాగ్రత్తలు. వెన్నెముక సంబంధ కండర క్షీణత గల పసిపిల్లలకిచ్చే జోల్జెన్స్మాను ఉదాహరణగా తీసుకోవచ్చు. దీని ధర సుమారు 16 కోట్ల రూపాయలని విని, దానికై విరాళాలు సేకరించిన కుటుంబాలను పాఠకులు ఎరుగుదురు. కరిగిన మందును మళ్ళీ గడ్డకట్టించరాదు. దానిని తాకే సిబ్బంది చేతితొడుగులు, కళ్ళద్దాలు, పొడుగు చేతుల గౌను ధరించాలి. ఒలికితే వైరస్‌ను చంపే ద్రావణంతో తుడవాలి. ఇంటికి వచ్చిన తరువాత వాహకం బిడ్డ మలం ద్వారా కొంతకాలం వెలువడుతుంది. కనుక కనీసం ఒక నెల పాటు డైపర్లను సంచిలో మూసి పారవేయాలి, మార్చిన ప్రతిసారీ చేతులు కడగాలి. కాలేయ పరీక్షలను కనీసం మూడు నెలలు తప్పించరాదు. 2022లో ఈ మందు తీసుకున్న ఇద్దరు పిల్లలు కాలేయం విఫలమై మరణించారు.

జన్యు రాతలో శాశ్వతంగా చేరే వాహకాలు తీసుకున్నవారిని 15 సంవత్సరాల వరకు గమనించాలని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ సూచిస్తున్నది. వాహకం పేరు, మోతాదు, తేదీ ఉన్న కాగితాలను కుటుంబం భద్రపరచుకోవాలి. ఊరు మారినప్పుడు కొత్త వైద్యునికి మొదట చూపవలసినవి అవే.