కదలని కారు – కారణ విచారము



నేను బడిపంతులుగా నుండి విశ్రాంతి గొన్నవాడను. వ్యాకరణమును, కొంత తర్కమును చదివికొంటిని. అట్టివాడు మోటారు బండిని గూర్చి ప్రసంగించుట యేమని మీలో కొందఱు నవ్వుకొనవచ్చును. నవ్వుకొనుడు. నేను మేస్త్రిని గాను. అయినను ఒక రాత్రి నాకీ విద్యయందు పట్టుదల పుట్టించినది.

1989వ సంవత్సరము శ్రావణమాసమున ముసురు పట్టిన రాత్రి. పురిటికి పుట్టింటికి వచ్చిన మా చెల్లెలికి నొప్పులు మొదలయ్యెను. ఆసుపత్రి పండ్రెండు మైళ్ల దూరము. ఊరిలో నున్నది ఒకే కారు, పాత అంబాసిడరు. దాని యజమాని, పాపము, నిద్రలో లేచివచ్చి తాళము త్రిప్పెను. ఇంజను గిరగిర తిరిగెను గాని అంటుకొనలేదు. మరల త్రిప్పెను; మరల త్రిప్పెను. పావుగంట గడచునప్పటికి ఆ గిరగిర మూలుగుగా మాఱి, తుదకు టక్కుమను చప్పుడొక్కటియే మిగిలెను. ఎడ్లబండి కట్టి బయలుదేఱితిమి. బిడ్డ త్రోవలోనే పుట్టెను. తల్లియు బిడ్డయు బ్రదికిరి. అది దైవకృపయే కాని మా తెలివి గాదు. మఱునాడు వచ్చిన మేస్త్రి డిస్ట్రిబ్యూటరు మూత విప్పి, పొడిగుడ్డతో లోపలి చెమ్మ తుడిచి, వేఱొక బ్యాటరీ తగిలించి, బండిని లేపెను. ఆ పొడిగుడ్డ రాత్రి మా భుజముల మీదనే యుండెను.

తర్కమున అన్వయము, వ్యతిరేకము అని రెండు మాటలు కలవు. ఏది యున్నచో కార్యము కలుగునో, ఏది లేనిచో కలుగదో, దానిని కారణముగా నెఱుంగవలెను. పెట్రోలు ఇంజను లేచుటకు గాలి కావలెను, పెట్రోలు కావలెను, ఆ రెండును కలిసి సిలిండరులో నొక్కుడు పడవలెను, తగిన క్షణమున ప్లగ్గునందు నిప్పురవ్వ పుట్టవలెను. వీని కన్నిటికి ముందు, ఇంజనును మొదట నాలుగు చుట్లు త్రిప్పుటకు బ్యాటరీకి బలము కావలెను. బండి లేవలేదనగా వీనిలో నొకటి లోపించినదని యర్థము. అన్నిటిని ఒక్కసారి అనుమానించుట అవివేకము. మొదట అడుగవలసిన ప్రశ్న యొక్కటే: తాళము త్రిప్పినపుడు ఇంజను తిరుగుచున్నదా, లేదా?

తిరుగకున్నచో పెట్రోలు జోలికి పోవలదు. ముందు దీపములు వెలిగించి, ఒకరిని బండి యెదుట నిలిపి, తాళము త్రిప్పుడు. దీపములు క్షీణించినచో బ్యాటరీ నీరసించినది, లేదా దాని కొనలయందు కరెంటు సరిగా ప్రవహించుట లేదు. దీపములు చెక్కుచెదరక వెలుగుచుండియు ఇంజను కదలకున్నచో దోషము సెల్ఫు మోటారునందో, దానికి పోవు తీగెలయందో యుండును. అది మేస్త్రి పని. పల్లెలలో నేను చూచినంతవఱకు మొదటిదే యెక్కువ. బ్యాటరీ కొనలపై తెల్లగానో పచ్చగానో ఉప్పు పూచినట్లుండును. ముందుగా ఋణపు తీగెను, పిమ్మట ధనపు తీగెను ఊడదీసి, వంటసోడా కలిపిన వేడినీటితో కడిగి, తుడిచి, గట్టిగా బిగించినచో అనేక పర్యాయములు అంతటితోనే రోగము కుదురును. తగిలించునపుడు ధనపు తీగెయే ముందు. ఆ కడిగిన నీరు బ్యాటరీ లోనికి పోరాదు. చుట్ట కాల్చు పెద్దలకు ఒక మనవి: చుట్ట ఆర్పివేసి గాని బ్యాటరీని సమీపింపకుడు. దానినుండి వెలువడు వాయువు నిప్పు తగిలినచో ప్రేలును; లోపలి ఆమ్లము కన్నులను పోగొట్టును.

బ్యాటరీయే చచ్చినచో నలుగురు కలిసి త్రోయవచ్చును. తాళము తెఱచి, క్లచ్చి నొక్కి, రెండవ గేరు వేసి, బండి పరుగందుకొనగానే క్లచ్చిని విడువవలెను. గేరు తనంత తానే మాఱు కార్లకు ఈ ఉపాయము చెల్లదు.

ఇక ఇంజను చక్కగా తిరుగుచుండియు అంటుకొనకున్నచో, మా వారు చేసిన పని చేయకుడు. ఒక్కొక్క మాఱు పది సెకండ్లకు మించక త్రిప్పి, ఒక నిమిషము ఆగవలెను. ఆ నిమిషములో ముక్కుతో పరీక్షింపుడు. పెట్రోలు వాసన గుప్పుమన్నచో ఇంజను పెట్రోలులో మునిగినదని తెలియవలెను. పది నిమిషములు ఊరకుండి, ఆక్సిలరేటరును అడుగంట నొక్కి పట్టి, అప్పుడు త్రిప్పినచో లోపలి తడి ఆఱి బండి లేచును. బొత్తిగా వాసన లేకున్నచో పెట్రోలు అందుటలేదు. ముల్లు సగమునకు చూపుచున్నదని వాదింపవలదు. ముల్లు అబద్ధమాడుట నేనెఱుగుదును. రోహిణీకార్తె యెండలలో పాత కార్లకు వేఱొక పీడ కలదు: పంపునందలి పెట్రోలు ఆవిరియై, దారి నడ్డగించును. తడిగుడ్డ కప్పి చల్లార్చుటయే దానికి మందు.

పెట్రోలు అందుచున్నచో మిగిలినది నిప్పురవ్వ. వానకాలమున చెమ్మను, ఏ కాలమునందైనను ఎలుకలను అనుమానింపుడు. ధాన్యపు కొట్టు ప్రక్కన నిలిపిన కారులో తీగెలు కొఱుకుడుపడకుండుట అరుదు. ప్లగ్గు విప్పి చూచినచో అది తడిసియున్నదో, మసి పట్టినదో కన్నులకే తెలియును.

అంబాసిడరు తయారీ 2014లో నిలిచిపోయినది. ఈ కాలపు కార్లలో కార్బురేటరు లేదు, డిస్ట్రిబ్యూటరు లేదు. ఆ పనులు కంప్యూటరు చేయుచున్నది. తాళపుచెవిలో నిమిడియున్న చిన్న బిళ్లను గుర్తింపనిచో అది బండిని లేవనీయదు. అట్టియెడ ఎదుటి పలకపై తాళపు గుర్తు గల దీపము మినుకుమినుకు మనును. ఇంటనున్న రెండవ తాళముతో ప్రయత్నింపుడు. దానికిని లేవకున్నచో రించి పట్టుకొని ప్రయోజనము లేదు. అయినను తిరుగుచున్నదా లేదా యను మొదటి ప్రశ్న, బ్యాటరీ కొనల సంగతి, ఎలుకల సంగతి క్రొత్త వానికిని వర్తించును.

ట్రాక్టరు గలవారికొక మాట. డీజిలు ఇంజనుకు ప్లగ్గునందు నిప్పురవ్వతో పనిలేదు. గాలిని మిక్కిలి అదుముటచే పుట్టిన వేడికే నూనె అంటుకొనును. కనుక అచ్చట చూడవలసినది నూనెదారి. టాంకు ఒక్కసారి పూర్తిగా ఎండినచో, మరల నింపినను గొట్టములలో గాలి చొరబడి నూనెను అడ్డగించును. వడపోత డబ్బా పైనున్న చిన్న మరను కొంచెము వదులుచేసి, చేతిపంపును నొక్కుచుండవలెను. మొదట నురుగు, బుడగలు వచ్చును. బుడగలు పోయి నూనె తెగని ధారగా వచ్చినపుడు మరను బిగించి, తరువాతనే తాళము త్రిప్పవలెను.