గుండె లయకు కాపలా
పేస్‌మేకర్, డీఫిబ్రిలేటర్: వాటి పని, వాటి పరిమితి

రోగి మణికట్టుపై వేళ్లు ఆనించి హకీము కొంతసేపు మౌనంగా కూర్చోవడం హైదరాబాదు పెద్దలు బాగా ఎరిగిన దృశ్యమే. దానినే నబ్జ్ చూడటం అంటారు. 1037లో మరణించిన ఇబ్నె సీనా తన వైద్యగ్రంథం 'అల్ ఖానూన్'లో నాడీ పరీక్షకు ఎంతో ప్రాముఖ్యం ఇచ్చాడు. నాడి వేగం, బలం మొదలైన వాటితోపాటు, అది క్రమంగా కొట్టుకుంటున్నదా, క్రమం తప్పినదా అన్నది కూడా వైద్యుడు గమనించవలసిన లక్షణాలలో ఒకటిగా ఆయన పేర్కొన్నాడు. అయితే క్రమం తప్పిన నాడిని గుర్తించడం వేరు, దానిని సరిదిద్దడం వేరు. మొదటి దానినుండి రెండవ దానికి చేరడానికి మానవునికి తొమ్మిది శతాబ్దాలకు పైగా పట్టింది.

నేడు ఛాతీ చర్మం కింద చిన్న పరికరం పెట్టి గుండె లయను కాపాడటం సాధారణ చికిత్స అయింది. కాని ఆ పరికరం ఇంట్లో ఒకరికి అవసరమని వైద్యుడు చెప్పగానే కుటుంబం మొత్తం సందేహాలలో పడిపోతుంది. అది కరెంటుతో గుండెను నడిపిస్తుందా? అది ఉన్నంతకాలం ప్రాణం పోదా? నమాజుకు, ఉపవాసానికి అది అడ్డమా? మరణించిన తరువాత దానిని తీసివేయాలా? ఈ ప్రశ్నలన్నింటికీ సమాధానం, ఆ పరికరం ఏమి చేస్తుందో, ఏమి చేయలేదో తెలుసుకోవడంలోనే ఉంది.

లయ ఎక్కడ పుడుతుంది?

గుండె ఒక కండరం. అందులో పైన రెండు కర్ణికలు, కింద రెండు జఠరికలు ఉంటాయి. కుడి కర్ణిక పైభాగంలో సిరాకర్ణికా కణుపు అనే చిన్న కణాల గుంపు ఉంది. అది మనిషి సంకల్పంతో నిమిత్తం లేకుండా, నిద్రలోను మెలకువలోను, తనంతట తానే విద్యుత్ ప్రేరణను పుట్టిస్తుంది. విశ్రాంతిగా ఉన్న పెద్దవారిలో ఇది నిమిషానికి సాధారణంగా 60 నుండి 100 సార్లు జరుగుతుంది. ఆ ప్రేరణ కర్ణికలలో వ్యాపించి, మధ్యనున్న కర్ణికా జఠరికా కణుపు వద్ద రెప్పపాటు ఆగుతుంది. కర్ణికల రక్తం జఠరికలలోకి దిగడానికే ఈ విరామం. తరువాత అది జఠరికలకు అందుతుంది. అవి ముడుచుకుని రక్తాన్ని ఊపిరితిత్తులకు, శరీరానికి పంపుతాయి. ఈ విధంగా గుండె రోజుకు సుమారు లక్షసార్లు కొట్టుకుంటుంది.

ఈ ఏర్పాటులో లోపం రెండు విధాలుగా రావచ్చు. ప్రేరణ సరిగా పుట్టకపోయినా, పుట్టినది జఠరికలకు చేరకపోయినా గుండె మరీ నెమ్మదిస్తుంది. మెదడుకు రక్తం చాలక మనిషికి కళ్లు తిరుగుతాయి, స్పృహ తప్పుతుంది. ఇది మొదటి రకం. రెండవ రకంలో జఠరికలలోనే అక్కడక్కడ అపక్రమమైన ప్రేరణలు పుట్టి గుండె అదుపులేని వేగం అందుకుంటుంది. ఆ వేగం ముదిరితే జఠరికలు ముడుచుకోవడం మాని కేవలం వణుకుతాయి. అప్పుడు రక్తం ముందుకు సాగదు. కొద్ది క్షణాలలో మనిషి కుప్పకూలుతాడు. కొద్ది నిమిషాలలో సాయం అందకపోతే మరణం సంభవిస్తుంది.

దీనిని గుండెపోటుతో కలిపి చూడటం పొరపాటు. గుండె కండరానికి రక్తం తెచ్చే నాళం మూసుకుపోవడం గుండెపోటు. గుండెలోని విద్యుత్ క్రమం చెడిపోవడం లయ తప్పడం. మొదటిది రెండవదానికి దారితీయవచ్చు, కాని రెండూ ఒకటి కావు. నాళం మూసుకున్నవానికి పేస్‌మేకర్ పెట్టి ప్రయోజనం లేదు.

నెమ్మదించిన గుండెకు

స్వీడన్ దేశంలో ఆర్నె లార్సన్ అనే 43 సంవత్సరాల వ్యక్తి గుండెలో ప్రేరణ జఠరికలకు చేరక రోజుకు ఎన్నోసార్లు స్పృహ తప్పి పడిపోయేవాడు. అతని భార్య ఎల్సె మరియె పట్టుబట్టి శస్త్రవైద్యుడు ఓకె సెన్నింగ్‌ను, ఇంజనీరు రూనె ఎల్మ్‌క్విస్ట్‌ను ఒప్పించింది. ఎల్మ్‌క్విస్ట్ చిన్న విద్యుత్ పరికరాన్ని తయారుచేశాడు. దాని పైపూతకు అచ్చుగా వాడినది బూటు పాలిష్ డబ్బా! 1958 అక్టోబరు 8న స్టాక్‌హోమ్‌లోని కరోలిన్‌స్కా ఆసుపత్రిలో దానిని అతని శరీరంలో అమర్చారు. పూర్తిగా శరీరం లోపల అమర్చిన మొదటి పేస్‌మేకర్ అదే.

అది కొద్ది గంటలకే ఆగిపోయింది. మరొకటి పెట్టారు. అలా మార్చుకుంటూ పోగా లార్సన్ తన జీవితంలో మొత్తం 26 పేస్‌మేకర్లు వాడాడు. తనను కాపాడిన వైద్యునికంటె, ఇంజనీరుకంటె ఎక్కువకాలం జీవించి, 86వ ఏట 2001లో మరణించాడు. అతని మరణానికి కారణం గుండె కాదు, క్యాన్సర్.

1972లో లిథియం బ్యాటరీతో నడిచే పేస్‌మేకర్ వచ్చిన తరువాత పరికరం ఆయుష్షు ఎంతో పెరిగింది. నేటి పేస్‌మేకర్ అగ్గిపెట్టెకంటె పలుచగా ఉండి, సాధారణంగా పది సంవత్సరాల వరకు పనిచేస్తుంది. కాలరు ఎముక కింద చిన్న గాటు పెట్టి దానిని చర్మం కింద ఉంచుతారు. దానినుండి సన్నని తీగలు సిర గుండా గుండెలోకి వెళతాయి. దీనికి ఛాతీని కోసి తెరవనవసరం లేదు. తీగలు లేకుండా, పూర్తిగా గుండె లోపలే ఉండే గుళిక వంటి పేస్‌మేకర్‌ను తొడ సిర గుండా పంపి అమర్చే పద్ధతి కూడా వచ్చింది. అటువంటి దానికి 2016లో అమెరికా ప్రభుత్వ ఔషధ సంస్థ అనుమతినిచ్చింది.

ఇక్కడ ముఖ్యంగా గ్రహించవలసినది ఒకటుంది. సాధారణంగా పేస్‌మేకర్ అదేపనిగా గుండెను తోలుతూ ఉండదు. అది ప్రతి స్పందననూ కనిపెట్టుకుని ఉంటుంది. సహజమైన స్పందన వేళకు వస్తే ఊరుకుంటుంది. రాకపోతేనే చిన్న ప్రేరణనిస్తుంది. ఆ ప్రేరణ సాధారణంగా రోగికి తెలియనైనా తెలియదు. దానికి స్పందించి ముడుచుకోవలసినది గుండె కండరమే. జీవం లేని కండరం ఎంత ప్రేరణ ఇచ్చినా స్పందించదు. కాబట్టి పేస్‌మేకర్ ఉన్న మనిషికి ప్రాణం పోదన్నది ఉత్తమాట. అది లయను సరిచూస్తుంది, అంతే.

అదుపు తప్పిన వేగానికి

రెండవ రకం లోపానికి కావలసిన సాధనం వేరు. వణుకుతున్న గుండెకు బలమైన విద్యుత్ ఘాతం ఒకటి తగిలితే ఆ గందరగోళం ఒక్కసారిగా ఆగి, సహజమైన లయ మళ్లీ మొదలయ్యే అవకాశం ఉంది. ఇటువంటి ఘాతమిచ్చే పెద్ద యంత్రాలు ఆసుపత్రులలో ముందునుంచే ఉన్నాయి. కాని గుండె ఎక్కడ, ఎప్పుడు అదుపు తప్పుతుందో ఎవరికి తెలుసు? యంత్రమున్న చోటికి రోగిని చేర్చేలోగా విలువైన నిమిషాలు గడిచిపోతాయి.

ఈ సమస్య మైకేల్ మిరోవ్‌స్కీ అనే వైద్యునికి స్వంత దుఃఖమై వచ్చింది. పోలండులో జన్మించిన ఈ యూదు వైద్యుడు రెండవ ప్రపంచ యుద్ధంలో తన కుటుంబాన్ని పోగొట్టుకున్నాడు. ఆయనకు గురుతుల్యుడైన హ్యారీ హెల్లర్‌కు గుండె లయ పలుమార్లు తప్పి, చివరకు 1966లో ఆ వ్యాధితోనే మరణం సంభవించింది. మనిషిని ఆసుపత్రిలో జీవితాంతం ఉంచలేనప్పుడు, ఆసుపత్రి యంత్రాన్నే చిన్నదిగా చేసి మనిషి లోపల పెట్టరాదా అన్న ఆలోచన మిరోవ్‌స్కీకి అప్పుడు కలిగింది.

1968లో ఆయన అమెరికాలోని బాల్టిమోర్ నగరానికి వెళ్లి, సినాయ్ ఆసుపత్రిలో మోర్టన్ మోవర్‌తో కలిసి పని సాగించాడు. పెద్ద వైద్యులు దీనిని హర్షించలేదు. హృద్రోగ వైద్యంలో ప్రఖ్యాతి పొందిన బెర్నార్డ్ లౌన్ 1972లో ఈ ఆలోచనను వైద్యపత్రికలో బాహాటంగా విమర్శించాడు. అయినా మిరోవ్‌స్కీ వెనుదీయలేదు. 1980 ఫిబ్రవరి 4న బాల్టిమోర్‌లోనే ఉన్న జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రిలో శస్త్రవైద్యుడు లెవీ వాట్కిన్స్ మొదటి పరికరాన్ని ఒక స్త్రీకి అమర్చాడు. దాని బరువు పావుకిలోకు కొంచెం తక్కువ. దానిని పొట్ట చర్మం కింద పెట్టవలసి వచ్చింది. 1985లో అమెరికా ప్రభుత్వం దాని వాడకానికి అనుమతినిచ్చింది. ప్రాణాంతకమైన లయభంగం నుండి బయటపడిన వెయ్యిమందికి పైగా రోగులపై జరిగిన పెద్ద పరిశీలన ఫలితాలు 1997లో వెలువడ్డాయి. మందులు మాత్రమే వాడినవారికంటె ఈ పరికరం ఉన్నవారు ఎక్కువమంది బ్రతికినట్లు అందులో తేలింది.

శరీరంలో అమర్చే ఈ డీఫిబ్రిలేటర్ నేడు పేస్‌మేకర్‌కంటె కొంచెం పెద్దదిగా, ఛాతీ చర్మం కింద పట్టేటంతగా మారింది. అవసరమైనప్పుడు పేస్‌మేకర్ పని కూడా అదే చేస్తుంది. వేగం పెరిగినప్పుడు ముందుగా నొప్పిలేని సన్నని ప్రేరణలతో అదుపు చేయడానికి ప్రయత్నించవచ్చు. అది ఫలించకపోతే ఘాతమిస్తుంది. మెలకువగా ఉన్నవారికి అది ఛాతీపై గట్టిగా తన్నినట్లు అనిపిస్తుంది. ఆ సమయంలో రోగిని పట్టుకున్నవారికి కొద్దిగా జివ్వుమనవచ్చునే గాని ప్రమాదం లేదు. ఒక ఘాతం తగిలి, తరువాత మనిషి కులాసాగా ఉంటే వైద్యునికి తెలియజేయాలి. ఒకే రోజు రెండు, అంతకు మించి ఘాతాలు తగిలినా, ఒకదాని తరువాత నలతగా ఉన్నా వెంటనే ఆసుపత్రికి చేర్చాలి.

దినచర్య, ఆరాధన

పరికరం అమర్చిన తరువాత కొన్ని వారాలపాటు ఆ వైపు చేతిని భుజంకంటె పైకి ఎత్తరాదని, బరువులు మోయరాదని వైద్యులు చెబుతారు. తీగలు గుండెలో కుదురుకోవడానికే ఈ జాగ్రత్త. కాబట్టి ఆ రోజులలో తక్బీర్‌కు చేతిని ఎంతవరకు ఎత్తవచ్చో, సజ్దా నుండి లేచేటప్పుడు ఆ చేతిపై ఎంత భారం మోపవచ్చో ముందే వైద్యుని అడిగి తెలుసుకోవాలి. గాయం మానేవరకు తడవకూడదు. వుజూలో కడిగే భాగాలలో ఆ చోటు లేదు కనుక ఇబ్బంది రాదు. స్నానం విషయంలో మాత్రం జాగ్రత్త అవసరం. గాయం మానిన తరువాత రుకూకు, సజ్దాకు సాధారణంగా ఏ ఆటంకమూ ఉండదు.

ఉపవాసం వలన పరికరానికి కలిగే లోటేమీ లేదు. కాని దాని వెనుకనున్న వ్యాధి సంగతి వేరు. శరీరంలో నీరు, లవణాలు తగ్గితే లయ మళ్లీ తప్పవచ్చు. మందుల వేళలు కూడా మారతాయి. అందువల్ల రమజాన్ రాకముందే వైద్యుని సంప్రదించాలి. హజ్‌కు, ఉమ్రాకు వెళ్లేవారు పరికరం వివరాలున్న కార్డును వెంట ఉంచుకోవాలి. విమానాశ్రయంలోని తనిఖీ ద్వారం గుండా ఆగకుండా నడిచిపోవచ్చు. చేతి తనిఖీ యంత్రాన్ని ఛాతీపై ఎక్కువసేపు ఉంచవద్దని మాత్రం చెప్పాలి. సెల్‌ఫోన్‌ను చొక్కా జేబులో పెట్టుకోకుండా, పరికరానికి కనీసం జానెడు దూరంలో ఉంచడం మంచిది. పెద్ద లౌడ్‌స్పీకర్లలోని అయస్కాంతాన్ని ఛాతీకి ఆనించరాదు. ఎమ్.ఆర్.ఐ. పరీక్ష అవసరమైతే పరికరం సంగతి ముందే చెప్పాలి.

చివరి ఘడియలలో

కుటుంబాలు సాధారణంగా మాట్లాడుకోని విషయం ఒకటి మిగిలి ఉంది. డీఫిబ్రిలేటర్ ఉన్న వ్యక్తి క్యాన్సర్ వంటి మరొక వ్యాధితో అంతిమదశకు చేరుకున్నాడనుకుందాం. చివరి ఘడియలలో గుండె లయ తప్పడం సహజం. కాని అది అంతిమ సమయమని యంత్రానికి తెలియదు. అది లయను మాత్రమే ఎరుగును. కనుక నెమ్మదిగా కన్నుమూయవలసిన మనిషికి, ఆప్తులు కలిమా వినిపిస్తున్న సమయంలో, మళ్లీ మళ్లీ ఘాతాలు తగిలే ప్రమాదం ఉంది.

దీనికి పరిష్కారం సులభమే. వైద్యుడు శరీరాన్ని తాకకుండా, బయటనుండే ఘాతమిచ్చే పనిని ఆపివేయగలడు. అందులో కోతగాని, నొప్పిగాని లేదు. పేస్‌మేకర్ పనిని యథాతథంగా ఉంచవచ్చు. ఘాతాన్ని ఆపినంత మాత్రాన ప్రాణం పోదు. వ్యాధి తన దారిన తాను సాగుతుంది. రోగి కోరితే ఇలా ఆపడం వైద్యనీతికి సమ్మతమేనని 2010లో గుండె లయ నిపుణుల సంఘం ప్రకటించింది. అయితే రోగి స్పృహలో ఉండగానే ఈ సంభాషణ జరగాలి. ధార్మికంగా సందేహమున్నవారు ఆ ఘడియ వచ్చేదాకా ఆగక, విశ్వసనీయులైన ఉలమాలను, వైద్యుని కలిపి సంప్రదించడం ఉత్తమం.

మరణానంతరం దహనం చేసేవారు ఛాతీలోని పరికరాన్ని తప్పక తీయించాలి, ఎందుకంటే వేడికి బ్యాటరీ పేలుతుంది. ఖననంలో ఆ భయం లేదు. కాబట్టి తీసి తీరాలన్న వైద్యపరమైన నిర్బంధం కూడా లేదు. గుస్ల్ ఇచ్చేవారికి దానివల్ల హాని ఉండదు. ఏ కారణం చేతనైనా తీయవలసివస్తే మాత్రం, ముందుగా వైద్యులు డీఫిబ్రిలేటర్‌ను ఆపివేయాలి. ఆపకుండా తీగలను కత్తిరిస్తే తీసేవారికి ఘాతం తగలవచ్చు.

ఇక్కడే మరొక ప్రశ్న ఉదయిస్తుంది. కొత్త పరికరం కొనలేక ప్రాణం పోగొట్టుకునే పేదలు ప్రపంచంలో ఎందరో ఉన్నారు. కెనడా పరిశోధకులు 2020లో ఒక పరిశీలన ఫలితాలను ప్రకటించారు. ఒకరినుండి తీసి, శుద్ధిచేసిన పరికరాలను మెక్సికో మొదలైన దేశాలలో వెయ్యిమందికి పైగా పేదలకు అమర్చగా, కొత్తవాటితో పోలిస్తే ఇన్ఫెక్షన్ల ప్రమాదం చెప్పుకోదగినంతగా పెరగలేదని అందులో తేలింది. మృతుని దేహ మర్యాద ఒకవైపు, ఒక పేదవాని ప్రాణం మరొకవైపు ఉన్న ఈ ప్రశ్న ధర్మవేత్తలు, వైద్యులు కలిసి కూర్చుని ఆలోచించదగినది.

గుండెకు లయను నేర్పింది ఏ ఇంజనీరూ కాదు. ఇంజనీరు చేసినదల్లా ఆ లయను శ్రద్ధగా విని, అది తడబడినచోట గుర్తుచేసే సాధనాన్ని తయారుచేయడం. అవసరమైన వేళ దానిని భయం లేకుండా స్వీకరించడం వివేకం. దాని పరిమితిని తెలుసుకుని, ఎప్పుడు ఆపాలో ఇంటివారితో ముందుగానే చెప్పి ఉంచడం కూడా ఆ వివేకంలో భాగమే.