పౌలు అడిగిన అంగీ – మేము వెదకిన వానకోటు

అపొస్తలుడైన పౌలు చెరసాలలో నుండి తిమోతికి వ్రాసిన రెండవ పత్రికలో తన పరుగును గూర్చి, విశ్వాసమును గూర్చి, తనకు ఉంచబడిన కిరీటమును గూర్చి చెప్పిన తరువాత ఒక చిన్న మాట చేర్చాడు. త్రోయలో కర్పు దగ్గర విడిచివచ్చిన అంగీని తీసికొని రమ్మన్నాడు. చలికాలము రాకముందే రమ్మన్నాడు. ఆ మాట చదివినప్పుడెల్లా మాకు ఎంతో ఆదరణ కలుగుతుంది. పరలోకమును అంత దగ్గరగా చూచిన భక్తుడు కూడా ఒంటిమీది బట్టను మరచిపోలేదు! కాబట్టి సంఘ పత్రికలో వానకోటును గూర్చి వ్రాయడమేమిటని ఎవరైనా నవ్వితే, మేము పౌలుగారినే చూపిస్తాము.

మణికొండలో మా సంఘపు యౌవనస్థులలో ఎక్కువమంది కంప్యూటరు ఉద్యోగులు. రోజంతా కుర్చీలో కూర్చుని నడుము నొప్పులు, షుగరు తెచ్చుకొంటున్నారు. వారిలో కొందరు శనివారము తెల్లవారుజామున సైకిళ్ళు తీసి పుప్పాలగూడ మీదుగా గండిపేట వరకు వెళ్ళి రావడము మొదలుపెట్టారు. 2023 అక్టోబరు 1న ఔటర్ రింగు రోడ్డు ప్రక్కన సోలారు పలకల కప్పుతో 23 కిలోమీటర్ల సైకిలు బాట ప్రారంభమైన తరువాత ఈ ఉత్సాహము ఇంకా పెరిగింది. నార్సింగి నుండి కొల్లూరు వరకు సాగే భాగము మాకు ఇంటి ముంగిటే ఉన్నట్టు. పైన కప్పు ఉంది గనుక ఎండా వానా అంతగా తెలియవు.

అయితే కప్పు కొల్లూరుతో అయిపోతుంది. మా ప్రయాణము మెదకు వరకు!

మెదకు కతీడ్రలును ఎరుగని తెలుగు క్రైస్తవుడుండడు. చార్లెస్ వాకర్ పాస్నెట్ అను మిషనరీగారి ఆధ్వర్యములో, కరువు కాలములో పేదలకు పని, అన్నము దొరకునట్లు కట్టబడిన ఆ మందిరము 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠింపబడింది. 2024తో నూరు సంవత్సరములు నిండాయి. మా వారు అక్కడికి సైకిళ్ళ మీద వెళ్ళి, రాత్రి బసచేసి, ఆదివారపు ఆరాధన ముగించుకొని తిరిగి రావాలని తీర్మానించారు. పటాన్‌చెరు, దుండిగల్, నర్సాపూరు మీదుగా సుమారు 100 కిలోమీటర్లు. క్రిందటి ఆగస్టులో తొమ్మిదిమందిమి బయలుదేరాము. అందరికంటె వెనుక మేము.

నర్సాపూరు అడవిలో ఏమి జరిగింది?

దుండిగల్ దాటగానే సన్నని జల్లు మొదలైంది. ఎవరి వానకోటు వారు తొడుక్కొన్నారు. ఇద్దరివి విదేశములనుండి తెచ్చుకొన్న ఖరీదైన కోట్లు. మిగిలినవారివి మధ్యరకము. ఒక తమ్ముడు మాత్రము ఇంటింటికి పార్శిళ్ళు అందించే పని చేసుకొనేవాడు. అతనిది పాత సైకిలు, రోడ్డు ప్రక్కన కొన్న ప్లాస్టిక్ రెయిన్‌కోటు.

నర్సాపూరు అడవిలో ఎత్తు ఎక్కేసరికి ఆ ప్లాస్టిక్ కోటులో అతనికి ఊపిరాడలేదు. చెమటతో బనియను, చొక్కా పిండితే నీళ్ళు కారేంతగా తడిశాయి. భరించలేక కోటు విప్పి క్యారియరుకు కట్టేశాడు. అంతలో పెద్ద వాన వచ్చింది, గాలి కూడా తోడైంది. మేము వెనుకనుండి చూస్తూనే ఉన్నాము. మొదట అతని సైకిలు వంకర టింకరగా పోవడము మొదలైంది. తరువాత పండ్లు కొట్టుకొంటున్నాయి. చివరకు బ్రేకు పట్టుకోవడానికి వ్రేళ్ళు ముడుచుకోలేదు. వెనుకనుండి లారీలు వస్తున్నాయి.

ఒక టీ కొట్టు దగ్గర దింపి, తడి బట్టలు విప్పించి, మాలో ఒకరి పొడి చొక్కా తొడిగి, వేడి టీ త్రాగించాము. వణుకు తగ్గడానికి ముప్పావు గంట పట్టింది. తరువాత అతనిని, సైకిలును ఒక ట్రాలీ ఆటోలో ఎక్కించి పంపాము. ఎక్కబోతూ అతడు అన్న మాట ఇది: "అయ్యగారూ, బయట తడిశానో లోపల తడిశానో నాకే తెలియలేదు."

మన ప్రాంతములో చలి ఎక్కడిది అనుకొంటాము. కాని తడిసిన ఒంటిమీద గాలి కొడుతూ ఉంటే, ఆ తడి ఆరిపోతూ ఒంటి వేడిని లాగుకొనిపోతుంది. కుండలో నీళ్ళు చల్లబడే పద్ధతే ఇది. వానాకాలములోనైనా అలసి, ఆకలిగొన్నవాడు ఇలా వణికిపోగలడు. ఇంటికి వచ్చిన తరువాత ఈ వానకోట్ల సంగతేమిటో తెలిసికొనవలెనని పూనుకొన్నాము. ఆ తమ్ముని మాటలోనే అసలు ప్రశ్న ఉందని అప్పుడు అర్థమైంది.

వానను ఆపడము ఒకటి, చెమటను వదలడము ఒకటి

మన పల్లెలలో గొర్రెల కాపరులు వాన వస్తే గొంగడిని కొప్పెర పెట్టుకొంటారు. దక్కని గొర్రె ఉన్నితో నేసిన గొంగడి వానను చాలాసేపు ఆపుతుంది, లోపలి ఆవిరిని పోనిస్తుంది. అయితే బరువు ఎక్కువ. సైకిలు తొక్కేవానికి పనికిరాదు.

1823లో స్కాట్లాండులోని గ్లాస్గోకు చెందిన చార్లెస్ మాకింటాష్ రెండు గుడ్డల నడుమ రబ్బరు పూత పెట్టి నీరు దిగని బట్టను తయారుచేశాడు. వాన ఆగింది గాని చెమట కూడా ఆగిపోయింది. మన ప్లాస్టిక్ కోటుకూ అదే జబ్బు.

1969లో అమెరికాలో బాబ్ గోర్ అను ఆయన వంటపెనముల మీద అంటుకోకుండా పూసే టెఫ్లాన్ జాతి పదార్థమును వేడిచేసి మెల్లగా సాగదీయబోతే అది తెగిపోతూ వచ్చింది. విసిగి ఒక్కసారిగా గుంజాడు. తెగలేదు సరికదా, ఎన్నో రెట్లు సాగి, సన్నని రంధ్రములతో నిండిన పొరగా మారింది. ఆ రంధ్రము నీటిబొట్టు కంటె కొన్ని వేల రెట్లు చిన్నది గనుక వాన లోపలికి దిగదు; ఆవిరి అణువు కంటె కొన్ని వందల రెట్లు పెద్దది గనుక చెమట ఆవిరి బయటికి పోతుంది. గోర్‌టెక్స్ అను పేరుతో 1976లో అది బజారుకు వచ్చింది. ఇప్పుడు ఇంకా అనేక కంపెనీలు తమ తమ పొరలు, పూతలు తయారుచేస్తున్నాయి.

చీటీ మీది అంకెలు

కోటు చీటీ మీద రెండు అంకెలుంటాయి. మొదటిది నీటిని ఆపే శక్తి. గుడ్డ మీద నీటి స్తంభము నిలిపి, ఎంత ఎత్తు వరకు కారకుండా ఆగుతుందో మిల్లీమీటర్లలో చెబుతారు. 10,000 అని ఉంటే మన వానకు, వీపు మీది సంచి ఒత్తిడికి సాధారణముగా చాలును. రెండవది ఆవిరిని వదిలే శక్తి. ఒక చదరపు మీటరు గుడ్డలోనుండి 24 గంటలలో ఎన్ని గ్రాముల ఆవిరి పోతుందో చెబుతారు. ఇందులో ఒక్కొక్క కంపెనీ ఒక్కొక్క విధముగా పరీక్ష చేస్తుంది గనుక ఒకరి అంకెను మరొకరి అంకెతో సరిపోల్చడము కుదరదు.

ఇక్కడ చిన్న లెక్క వేసి చూడండి. 10,000 గ్రాములను 24 గంటలకు పంచితే గంటకు సుమారు 417 గ్రాములు. ఎత్తు ఎక్కుతూ గట్టిగా తొక్కేవానికి గంటకు లీటరు దాకా చెమట పట్టవచ్చును. పైగా ఆవిరి ఎక్కువ వేడి, ఎక్కువ తేమ ఉన్న చోటినుండి తక్కువ ఉన్న చోటికి పోతుంది. చలి దేశములో బయట చల్లగా, పొడిగా ఉంటుంది గనుక ఆవిరి చురుకుగా పోతుంది. మన హైదరాబాదు జూలై, ఆగస్టు నెలలలో బయటి గాలి కూడా వెచ్చగా, తేమతో నిండి ఉంటుంది. ఇక ఆవిరి ఎక్కడికి పోతుంది? కాబట్టి ఎంత ఖరీదు పెట్టినా పొర ఒక్కటే మనలను పొడిగా ఉంచదు. అదే ఖరీదైన కోట్లున్న ఇద్దరూ ఆ రోజు ఒప్పుకొన్నారు. వారూ లోపల తడిశారు. అయితే కోటు విప్పవలసిన అవసరము రాలేదు గనుక వణకలేదు. ఎందుకని విచారిస్తే, వారి కోట్లకు గాలి దారులున్నాయి.

కొనేటప్పుడు చూడవలసినవి

1. గాలి దారులు. చంకల క్రింద జిప్పులు, వీపు మీద మడత క్రింద గాలి సందు ఉన్నాయా? ముందరి జిప్పు క్రిందినుండి కూడా తెరుచుకొంటుందా? మన వాతావరణమునకు అంకెలకంటె ఇవే ముఖ్యము.

2. కుట్లు. కోటును తిరగవేసి చూడండి. ప్రతి కుట్టు మీద లోపలివైపున టేపు అంటించి ఉండాలి. లేకపోతే ఎంత మంచి గుడ్డయైనా సూది బెజ్జములలోనుండి నీరు దిగుతుంది.

3. కొలత. దుకాణములో నిలువుగా నిలబడి అద్దములో చూసుకొంటే చాలదు. సైకిలు హ్యాండిలు పట్టుకొన్నట్లు ముందుకు వంగి చేతులు చాపండి. మణికట్లు బయటపడకూడదు, నడుము బయటపడకూడదు. వెనుక భాగము పొడవుగా ఉండాలి. మరీ వదులైనది గాలికి తెరచాపలా ఉబ్బుతుంది.

4. టోపీ. హెల్మెట్టు మీదకైనా, దాని క్రిందకైనా సరిగా అమరాలి. తల త్రిప్పి వెనుక వచ్చే బండిని చూచినప్పుడు కన్ను మూసుకొనిపోతే ఆ టోపీ ప్రాణాపాయము.

5. రంగు. నలుపు, బూడిద రంగు వద్దు. పసుపు, నారింజ రంగులు వానలో లారీ డ్రైవరుకు కనబడతాయి. వెలుగు పడితే మెరిసే పట్టీలు కూడా ఉండాలి.

6. బరువు. 200 నుండి 350 గ్రాములలో మంచివి దొరుకుతాయి. రెండున్నర పొరలది తేలిక, చవక. కాని చెమటకు చర్మమునకు అంటుకొంటుంది. మూడు పొరలది ఎక్కువకాలము మన్నుతుంది, ఖరీదు ఎక్కువ.

ఒంటిచుట్టు వ్రేలాడే గొడుగు వంటి పాంచోలు గాలికి ఊగి చక్రములో చిక్కుకొంటాయి. దూర ప్రయాణములో వాటిని వాడవద్దని మా మనవి. కోటు లోపల నూలు బనియను వద్దు. తొందరగా ఆరే ఆటల బనియను మేలు. ఒక జత పొడి బట్టలు ప్లాస్టిక్ కవరులో చుట్టి తప్పక పెట్టుకోండి. ఏ కోటూ చేయలేని పని ఆ జత చేస్తుంది. రోడ్డు మీద నీరు నిలిచినచోట సైకిలు దింపకండి. క్రింద మ్యాన్‌హోలు తెరచి ఉందో లేదో తెలియదు. ఉరుములు, మెరుపులైతే ఆగండి. మెదకు ఎక్కడికీ పోదు.

కోటును కాపాడుకోవడము

క్రొత్త కోటు మీద నీళ్ళు ముత్యములవలె జారిపోతాయి. పైపూత అరిగిన తరువాత గుడ్డ నీటిని పీల్చుకొని బరువెక్కుతుంది, ఆవిరి పోయే దారి మూసుకొంటుంది. అప్పుడు కోటు కారుతోందని పారవేసేవారున్నారు. తరచుగా అది కారడము కాదు, లోపలి చెమటే. కొద్దిపాటి సబ్బుతో ఉతికి, బాగా జాడించి, చీటీ మీద చెప్పినట్లు కొద్దిపాటి వేడి తగలనిస్తే పూతకు మరల జీవము వస్తుంది. బట్టలను మెత్తబరచే ద్రవములు వాడరాదు.

చాలాకాలము ఈ పూతలలో ఫ్లోరిన్ కలిసిన రసాయనములు వాడారు. అవి నీటిలో, నేలలో నశించక నిలిచిపోతాయి. అందుచేత అనేక కంపెనీలు వాటిని విడిచిపెడుతున్నాయి. అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రము 2025 నుండి క్రొత్త దుస్తులలో వాటిని నిషేధించింది. దేవుని సృష్టిని ప్రేమించే మనము ఫ్లోరిన్ లేనిదేనా అని దుకాణములో అడగడము మంచిది.

రెండు అంగీలున్నవాడు

మంచి వానకోటు కొన్ని వేల రూపాయలు. పేరుపడిన కంపెనీది 20,000 దాటుతుంది. ఇంటి ఖర్చులు, పిల్లల ఫీజులు ఉన్న కుటుంబమునకు ఇది చిన్న సంగతి కాదు. పార్శిళ్ళు మోసే తమ్మునికి అసలే కాదు. అతడు మా పక్కనే తొమ్మిది వారములు తొక్కాడు. అతని కోటు ఏమిటని మాలో ఒక్కరమూ అడగలేదు. ఇది మేము మా మీదనే వేసుకొంటున్న నేరము. రెండు అంగీలున్నవాడు లేనివానికి ఇవ్వాలని బాప్తిస్మమిచ్చు యోహాను చెప్పిన సంగతి మీద మేము ఎన్నిసార్లు ప్రసంగించామో లెక్కలేదు.

ఈ సంవత్సరము మా యౌవనస్థులలో ఒకడు 20,000 రూపాయల కోటు కొనడానికి దాచుకొన్న సొమ్ముతో, చంక జిప్పులున్న మధ్యరకము కోట్లు నాలుగు కొన్నాడు. ఒకటి తనకు. మూడు సంఘపు బీరువాలో ఉన్నాయి. ఎవరికి అవసరమైతే వారు తీసికొని, ఉతికి తిరిగి పెట్టాలి. అందులో ఒకటి ఇప్పుడు బీరువాలో లేదు. వానాకాలమంతా పార్శిళ్ళతోపాటు తిరుగుతోంది. దానిని తిరిగి అడగవద్దని మేమే చెప్పాము.

ఒక మాటతో ముగిస్తాము. బయటి వానను ఆపడము 1823లోనే మనుష్యులు నేర్చుకొన్నారు. లోపలి తడికి దారి ఇవ్వడానికి ఇంకా నూటయాభై సంవత్సరములు పట్టింది. మన కుటుంబములు కూడా అంతే కాదా? బయటి శోధనలు రాకుండా తలుపులు బిగించుకొంటాము. భార్య బాధ, కుమారుని భయము, మన అలసట చెప్పుకోవడానికి మాత్రము సందు ఉంచము. పైకి పొడిగా కనిపిస్తూ లోపల తడిసి వణికేవారు మన మధ్యనే ఉన్నారు. ఈ రాత్రి భోజనమైన తరువాత ఒకరినొకరు ఒక్క మాట అడుగుదాము: నీవు లోపల తడిశావా?

ఈ వానలలో పనికి, ప్రయాణమునకు బయలుదేరు ప్రతివారిని ప్రభువు క్షేమముగా ఇల్లు చేర్చును గాక.