పలువరుస తొడుగులు: వైద్యుని చూపు ఏల కావలెను?

పలువరుస తీరుగా నుండవలెనని కోరుట నేటి వేడుక కాదు. ఎత్తుపండ్లు గల ఆడపిల్ల నోటికి కొంగు అడ్డము పెట్టుకొని నవ్వుట, వంకరపండ్ల కుర్రవాడు నలుగురిలో మాటాడ వెనుదీయుట మనమెల్లరము చూచినదే. అందము మాట అటుండగా, పండ్లు ఒకదానిపై నొకటి ఎక్కియున్నచో సందులలోనికి బ్రష్షు పోదు, శుభ్రపరచుట కష్టమగును. కనుక పలువరుసను సవరించుకొన గోరుట విలాసమని త్రోసివేయరాదు. అయితే ఆ కోరికను తీర్చుకొను మార్గములలో ఒకదానిని గూర్చి గృహస్థులకు కొంత వివరముగా చెప్పవలసిన అవసరము నేడు కలిగినదని మేము తలంచుచున్నాము.

పండ్లను సవరించుటకు లోహపు బిళ్లలు, తీగలు వాడు పద్ధతి చాలకాలముగా నున్నది, నేటికిని కలదు. దానికి తోడు క్లియర్ అలైనర్లు అను పారదర్శకమైన తొడుగులు వాడుకలోనికి వచ్చినవి. ఇవి పలుచని ప్లాస్టిక్ రేకుతో, పలువరుస అచ్చునకు సరిపోవునట్లు చేయబడును. పండ్లకు తొడిగినచో చూపరులకు అంతగా కానరావు. భోజనమునకును, పండ్లు తోముటకును తీసివేయవచ్చును. ఈ భావమునకు మూలము పాతదే. 1945లో అమెరికా దంతవైద్యుడు కెస్లింగ్, రబ్బరు తొడుగుతో పండ్లను కొద్దికొద్దిగా జరుపు విధానమును ప్రకటించెను. 1997లో కాలిఫోర్నియాలో ఏర్పడిన అలైన్ టెక్నాలజీ సంస్థ ఆ భావమునకు కంప్యూటరును జోడించి, ఇన్విజలైన్ అను పేర తొడుగుల వరుసను రూపొందించి, 1998లో అమెరికా ప్రభుత్వపు అనుమతి పొందెను. నేడు మన దేశమునను పెక్కు సంస్థలు ఇట్టి తొడుగులను చేయుచున్నవి.

గుర్రంకొండ కోట క్రింది ఇండ్లకు సైతము ఈ తొడుగుల ప్రకటనలు చేతిఫోనులో వచ్చి చేరగలవు. ఇంటివద్దనే పని జరుగును, వైద్యుని కడకు పదేపదే పోనక్కరలేదు అను మాట వినుటకు తీయగా నుండును. అందులో వింత లేదు. గుర్రంకొండనుండి పలువరుస నిపుణుని చూడబోవుటయన్న మదనపల్లెకో, తిరుపతికో, బెంగుళూరుకో ప్రయాణము. బస్సు చార్జి, ఒకనాటి కూలి, తోడుగా ఇంటి పెద్ద, పిల్లవానికి బడి నష్టము. పుంగనూరు, కుప్పము చుట్టుప్రక్కల పల్లెలవారి కష్టమును ఇట్టిదే. ఆ కష్టము తప్పునన్నచో ఎవరికి ఆశ కలుగదు? అయితే మానుకొనదగిన ప్రయాణము ఏది, మానుకొనరానిది ఏది అని నిర్ణయించుటకు, పన్ను ఎట్లు కదలునో ముందు తెలిసికొనవలెను.

పన్ను దవడ యెముకలో మేకు వలె దిగగొట్టబడి యుండదు. వేరునకును ఎముకకును నడుమ మిల్లీమీటరులో సుమారు అయిదవ వంతు మందము గల మెత్తని పొర యుండును. తొడుగు పంటిని ఒకవైపునకు నొక్కినపుడు, ఆ వైపున ఈ పొర నలిగి, ఎముకను కరగించు కణములు పని మొదలిడును. రెండవ వైపున క్రొత్త ఎముకను కట్టు కణములు పూనుకొనును. ఇట్లు ఒకప్రక్క కూల్చుచు, మరియొకప్రక్క కట్టుచు దేహమే పంటిని జరుపును. ఒక్కొక్క తొడుగు జరుపునది సుమారు పావు మిల్లీమీటరు. వారమునకో, రెండు వారములకో తొడుగు మార్చుదురు. దినమునకు 20 మొదలు 22 గంటలు ధరింపవలెను. తొడుగు నొక్కుట మాత్రమే ఎరుగును. ఎముక కట్టుబడినదా, వేరు అరిగినదా, చిగురు జారినదా అని చూచుటకు దానికి కన్నులు లేవు. ఆ చూపు వైద్యునిది.

ఆ చూపు చికిత్సకు పూర్వమే కావలెను. పైకి తెల్లగా మెరయు పంటిలో పుచ్చు లోతుగా నుండవచ్చును. చిగుళ్ల వ్యాధిచే ఎముక ఇదివరకే తరిగినచోట పంటిని నొక్కినచో, అది మరింత వదులై తుదకు ఊడనువచ్చును. బయటికి రాని పన్ను దవడలో అడ్డుపడి యుండవచ్చును. ఇవి ఎక్స్-రే తీసి, చిగుళ్ల లోతు కొలిచిననే తెలియును. ఫోనులో తీసిన చిత్రమున తెలియవు. వక్క, గుట్కా అలవాటున్నవారిలో కొందరికి నోరు తెరచుటయే కష్టమగు వ్యాధి వచ్చును. మధుమేహము అదుపులో లేనివారికి చిగుళ్లు త్వరగా చెడును. ఎముకల బలమునకు వాడు కొన్ని మందులు పంటి కదలికను మందగింపజేయును. ఎదుగుచున్న పిల్లల విషయమున దవడల పెరుగుదలనుకూడ లెక్కింపవలెను. ఈ సంగతులన్నియు అడిగి తెలిసికొని, ఈ నోటికి తొడుగులు తగునా తగవా అని తేల్చువాడు వైద్యుడు. కొందరికి తీగల పద్ధతియే మేలనియు, కొందరికి ముందు చిగుళ్ల చికిత్స కావలెననియు ఆయన చెప్పవచ్చును.

చికిత్స నడుమ వైద్యుడు చేయవలసిన పనులు వేరుగా కలవు. గుండ్రని పంటిని త్రిప్పుటకు నునుపైన తొడుగునకు పట్టు చిక్కదు. అందుచే పంటిపై పంటిరంగు గల చిన్న గుబ్బలను అతికింతురు. ఫ్లోరైడు హెచ్చుగా గల నీరు త్రాగి పండ్లపై మచ్చలు పడినవారికి ఈ అతుకు గట్టిగా నిలువకపోవచ్చును. తెలుగునాట ఇట్టి ప్రాంతములు కలవు. 1937లోనే నాటి మద్రాసు రాష్ట్రపు నెల్లూరు జిల్లాలో ఈ ఫ్లోరైడు వ్యాధి గుర్తింపబడినది. మరియు చోటు చాలనపుడు రెండు పండ్ల నడుమ పింగాణి పొరను మిల్లీమీటరులో కొద్ది భాగము అరగదీయుదురు. అరగదీసిన పొర మరల పెరుగదు. ఎంత తీయవలెనో ఎరిగిన చేయి కావలెను.

ఇంకొకటి. కంప్యూటరు గీసిన దారిలోనే పన్ను ఎల్లప్పుడు నడువదు. ఒక పన్ను వెనుకబడినచో, తొడుగునకును దానికిని నడుమ సందు కానవచ్చును. అది గమనింపక తరువాతి తొడుగులను వరుసగా తొడిగినచో తప్పు పెరుగును. మదనపల్లె ప్రాంతపు రైతు టొమాటో మొక్కకు కట్టె పాతి ఒకమారు కట్టి ఊరకుండడు. ఎదిగిన కొలది చూచి, బిగిసినచోట వదులుచేసి, జారినచోట మరల కట్టును. వైద్యుడును అట్లే పాత తొడుగును మరికొన్ని దినములు వాడించుటయో, క్రొత్త అచ్చు తీసి దారి మార్చుటయో చేయును. ముందుపండ్లు అద్దములో చక్కగా కనబడుచుండగనే, వెనుక దవడపండ్లు ఒకదానితో నొకటి తాకక పోవుటయు కలదు. అద్దము చూపునది నవ్వును మాత్రమే. వేరుసెనగ గింజ నమలినపుడు గాని ఆ లోపము బయటపడదు.

ముఖాముఖి పరీక్ష లేకయే తొడుగులు పంపు వ్యాపారమును గూర్చి అమెరికా అనుభవము గమనింపదగినది. 2014లో స్థాపింపబడిన స్మైల్‌డైరెక్ట్‌క్లబ్ అను సంస్థ, ఇంటివద్ద తీసిన అచ్చుల ఆధారముగ టపాలో తొడుగులు పంపెడిది. దూరముననుండు వైద్యులు వానిని పరిశీలింతురని చెప్పెడిది. 20 లక్షలకు మించిన జనులకు సేవ చేసితిమని చెప్పుకొన్నది. పలువరుస నిపుణుల సంఘము ఈ పద్ధతిని ఆక్షేపించుచు వచ్చెను. అప్పుల భారముచే ఆ సంస్థ 2023 సెప్టెంబరులో దివాలా దరఖాస్తు పెట్టి, డిసెంబరులో మూతపడెను. చికిత్స నడుమ నున్నవారికి తుదకు లభించిన సలహా, మీ ఊరి దంతవైద్యుని సంప్రదింపుడని. మొదట చేయవలసిన పని చివరకు మిగిలెను! 2024 అక్టోబరులో బైట్ అను మరియొక సంస్థయు ఇంటికి పంపు తొడుగుల విక్రయమును నిలిపివేసెను.

ఇంటివద్ద సాగు చికిత్స యెల్ల చెడ్డదని మా అభిప్రాయము కాదు. ఇందుకు ఈ ప్రాంతమునకు సంబంధించిన నిదర్శన మొకటి కలదు. మదనపల్లె చెంత ఆరోగ్యవరమున 1915లో క్షయ చికిత్సాలయము వెలసినది. ఆ దినములలో క్షయరోగి నెలల తరబడి అట్టి చికిత్సాలయమున ఉండవలసివచ్చెడిది. క్రొత్త మందులు వచ్చిన పిదప, 1956లో మద్రాసులో మొదలైన పరిశోధన, ఇంటివద్దనున్న రోగులకును చికిత్సాలయమునందలి రోగులకును గుణము ఇంచుమించు సమముగా కలుగునని 1959లో చూపెను. అయితే ఇంటివద్దనున్నవారిని ఆ వైద్యులు వారి మానాన వారిని విడిచిపెట్టలేదు. రోగి క్రమముగా కేంద్రమునకు వచ్చుచుండెను. ఉద్యోగులు ముందు చెప్పకయే ఇంటికి పోయి మందులు లెక్కించుచుండిరి. ఇంటికి మారినది మంచమే గాని, పర్యవేక్షణ మానలేదు. తొడుగుల చికిత్సకును ఇదే నీతి.

కనుక ప్రయాణములను తగ్గించుకొనుడు. వైద్యుని మాత్రము తప్పించుకొనకుడు. మొదటి పరీక్షకును, గుబ్బలు అతికించుటకును, పండ్ల నడుమ అరగదీయుటకును, తుది పరీక్షకును స్వయముగా పోవలెను. నడుమ ఎన్ని వారముల కొకమారు రావలెనో ముందే అడిగి, వైద్యుడు సమ్మతించినచో కొన్ని మారులు ఫోనులో చిత్రములు పంపవచ్చును. డబ్బు కట్టకముందు మూడు ప్రశ్నలు వేయుడు. నోటిని స్వయముగా పరీక్షించి ఈ ఏర్పాటును అంగీకరించిన వైద్యుడు ఎవరు? ఆయన పేరు రాష్ట్ర దంతవైద్యుల చిట్టాలో నమోదై యున్నదా? నొప్పి కలిగిననాడు ఎవరి కడకు పోవలెను? 1948లో దంతవైద్యుల చట్టము వచ్చినది మొదలు అట్టి నమోదు మన దేశమున నియమమైనది. అడుగుట అమర్యాద కాదు. సూటియైన జవాబు రానిచోట, తొడుగులు ఎంత చౌకయైనను కొనరాదు.

ఇంటిలోని పెద్దలు చూడదగినవియు కొన్ని కలవు. తొడుగు పెట్టుకొని టీ త్రాగరాదు. వేడికి ప్లాస్టిక్ వంగును, చక్కెర తొడుగులో నిలిచి పంటికి చెరుపు చేయును. భోజనవేళ తొడుగును కాగితములో చుట్టి ఉంచినచో విస్తరితో పాటు పారవేయబడును. డబ్బాలో పెట్టుట అలవాటు చేయుడు. తిన్న పిదప పండ్లు తోముకొని తొడుగు పెట్టుకొనవలెను. క్రొత్త తొడుగు రెండు మూడు దినములు బిగువుగా నుండుట సహజము. కాని నొప్పి తగ్గకున్నను, చిగుళ్లనుండి రక్తము కారుచున్నను, పన్ను మిక్కిలిగా కదలినను, తొడుగు సరిగా కూర్చుండకున్నను వెంటనే వైద్యునికి తెలుపవలెను. పండ్లు తీరైన పిదపను, వానిని ఆ చోట నిలుపు తొడుగును వైద్యుడు చెప్పినంతకాలము ధరింపవలెను. లేనిచో పండ్లు పాతచోటికి మరలజూచును.

పాలపండ్లు రాలిన పిదప ప్రకృతి మనకు పండ్లను ఒక్కమారే ఇచ్చును. తొడుగు పోయినచో మరియొకటి చేయించవచ్చును. వేరు అరిగిన పన్ను అట్లు రాదు. మదనపల్లె బస్సు చార్జిని ఈ లెక్కలో చూచినచో అది అధికము కాదని గృహస్థులు గ్రహింతురు గాక.